వస్తానని చెప్పని మనిషి

ఆమెతో కలిసి టీ తాగినవాళ్లందరికీ ఒక అనుభవం అయ్యే ఉంటుంది. మనం ఏదో చెబుతుంటాం. ఆమె గ్లాసు చేతిలో పట్టుకుని తల ఊపుతూ వింటుంటుంది. బిస్కెట్ల కోసం కౌంటరు వైపు తిరిగి మళ్లీ ఇటు చూసేసరికి కుర్చీ ఖాళీ. కిటికీలోంచి చూస్తే గుడ్డసంచి భుజాన వేసుకుని, ఎండకు కొంగు తలమీద కప్పుకుని అప్పటికే సగం దూరం పోయి ఉంటుంది. పిలిస్తే వెనక్కి తిరిగి నవ్వి చెయ్యి ఊపేది. కోపం లేదు, తొందరా లేదు. చెప్పి వెళ్లడమనేది ఒక్కటే లేదు.

ఫోనులోనూ అదే వరస. ‘ఉంటా’ అనదు, ‘సరే మరి’ అనదు. మాట్లాడాల్సింది అయిపోగానే లైను తెగుతుంది. కొత్తవాళ్లు సిగ్నలు పోయిందనుకుని మళ్లీ చేసేవాళ్లు. ఆమె ఎత్తి, “ఇంగేమి?” అని అడిగేది.

పోయిన నెల కర్నూల్లో, మా డిగ్రీ కాలేజీలో పరీక్షల డ్యూటీలో ఉండగా పాత డిపార్టుమెంటు నుంచి ఫోనొచ్చింది. ఆమె చనిపోయిందట. విన్న వెంటనే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇదీ చెప్పాపెట్టకుండానే చేసింది అనుకున్నాను. ఏడుపు ఇంటికొచ్చాక, బియ్యం కడుగుతుంటే వచ్చింది.

పేరు రాయను. పరిశోధనలో మనుషుల పేర్లు బయటపెట్టకూడదని నాకు మొదట చెప్పింది ఆమే. పేర్లు వద్దని చెప్పిందే కానీ, వాళ్లకు అంకెలు వేయమంటే మాత్రం మొహం ముడుచుకునేది. “రెస్పాండెంట్ పద్నాలుగు ఏమంటాండాది పాపా? ఆయమ్మ ఎండు మిరపకాయలు తొడిమలు తీస్తా ఏడ్చిన మనిషి. అట్ల చెప్పు, నాకు గుర్తొస్తాది,” అనేది. అందుకే నేనూ ఆమెను అట్లాగే చెప్పుకుంటున్నాను.

మా యూనివర్సిటీ పేరెందుకు లెండి. అప్లయిడ్ సైకాలజీలో పీహెచ్‌డీ చేద్దామని రాజంపేట నుంచి పెట్టె సర్దుకుని నేను వెళ్లేసరికి ఆమె అక్కడుంది. నేను థీసిస్ బైండు చేయించి ఇచ్చేసి, వైవా ముగించుకుని, అందరికీ స్వీట్లు పంచి వచ్చేసిన రోజునా అక్కడే ఉంది. స్కాలర్ల గదిలో ఆమె బల్ల కిటికీ పక్కన. కుర్చీ ఉన్నా ఎక్కువగా నేలమీదే కూర్చునేది, గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని. కుర్చీలో కూర్చుంటే తనకు ఆలోచన రాదని వాదించేది.

ఆమెది నందికొట్కూరు దగ్గర ఒక ఊరు. తమ్ముడు సేద్యం చేసేవాడు. వాళ్లమ్మ తమ్ముడి ఇంట్లోనే ఉండేది. కూతురు డాక్టరు చదువుతోందని వాళ్లమ్మ ఊరంతా చెప్పుకుంది. అందుకని ఆమె సెలవులకు ఇంటికి పోతే అరుగు మీద మోకాళ్ల నొప్పులవాళ్లు, గ్యాసువాళ్లు వరసగా కూర్చునేవాళ్లు. తను ఆ డాక్టరు కాదని ఎంత చెప్పినా వినేవాళ్లు కాదు. “సరే, చెప్పు పెద్దమ్మా, ఎప్పట్నుంచి నొప్పి?” అని అడిగి, చివరిదాకా విని, ఆస్పత్రికి పొమ్మనేది. వాళ్లకు నొప్పి కొంచెం తగ్గేది కూడా. ఇది చెప్పి మా గదిలో అందరం నవ్వితే తనూ నవ్వేది.

మేమంతా తెలివైనవాళ్లం. విద్యార్థుల్లో పరీక్షల ఆందోళన అని ఒక అంశం తీసుకుని, బీటెక్ కాలేజీ ప్రిన్సిపాలుకు నమస్కారం పెట్టి, ఒక్క తరగతిలో కాగితాలు పంచి, గంటలో డేటా పట్టుకొచ్చేవాళ్లం. నాదీ అదే బాపతు. ఆమె అట్లా కాదు. బేతంచెర్ల చుట్టుపక్కల బండల క్వారీల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ చనిపోయినవాళ్ల ఇళ్లలో దుఃఖం ఎట్లా ఉంటుంది, ఆరు నెలల తర్వాత ఎట్లా మారుతుంది అన్నది ఆమె అంశం. అంటే ప్రతి ఇంటికీ రెండుసార్లు పోవాలి. మొదటిసారి దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు, రెండోసారి ఆరు నెలలకు.

“వేరే పని లేదా అక్కా నీకు?” అన్నాను వినగానే.

“మా నాయన అట్లనే పోయినాడు పాపా, ఆడనే. మా యమ్మను ఎవురూ ఏమీ అడగల్యా. అడిగింటే ఏమి చెప్పుండునో అని,” అంది. ఆ తర్వాత ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

మాకిచ్చిన ప్రశ్నావళి ఎక్కడో తెలుగులోకి మార్చింది. ‘గడచిన పక్షం రోజులలో దైనందిన కార్యకలాపముల యందు అనాసక్తతకు లోనగుచున్నారా?’ అని మొదలవుతుంది. దానికి జవాబులు అయిదు: ఎన్నడూ లేదు నుంచి ఎల్లప్పుడూ వరకు. బేతంచెర్లలో ఒక ముసలామె ఆ ప్రశ్న విని నావైపు తిరిగి, “ఏమంటాండాది మా, ఈ పాప? కరెంటు బిల్లు గురించా?” అని అడిగింది. అప్పటి నుంచి అక్క ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టేసి, నోటితోనే అడిగేది. “పనిమీదికి మనసు పోతాందా మా? కడుపుకు తింటాండావా?” గడప బయట చెప్పుల పక్కన కూర్చుని, ఆ ఇంట్లో ఏ పని జరుగుతుంటే ఆ పనిలో చెయ్యి పెట్టేది. చెనిక్కాయలు ఒలిచేది, చేటలో రాళ్లు ఏరేది. వాళ్లు మాట్లాడకపోతే ఊరకే ఒలుస్తూ కూర్చునేది. ఎంతసేపైనా సరే. తోడు వెళ్లిన నాకు కాళ్లు తిమ్మిరెక్కేవి, ఆవలింతలు వచ్చేవి. ఆమె మాత్రం కదిలేది కాదు.

మొదటి ఇంటికి నన్ను తోడు తీసుకుపోయింది. బేతంచెర్ల స్టేషను దగ్గర ఉగ్గాని తిని, దుమ్ముపట్టి తెల్లబడ్డ లారీల పక్కనుంచి నడిచాం. బండ జారి మీద పడి చనిపోయిన మనిషి ఇల్లు. అతని భార్య, తల్లి ఉన్నారు. భార్యకు మా ఈడే ఉంటుంది, ఏమీ మాట్లాడలేదు. తల్లి చేటలో బియ్యం ఏరుతూ మాట్లాడింది. కొడుకు చిన్నప్పుడు ఎట్లా ఉండేవాడో, ఏం తినేవాడో చెప్పింది. అక్క వింది. మధ్యాహ్నం దాటింది. అన్నం తినమని కూడా అడిగారు.

చిక్కంతా లేచేటప్పుడు వచ్చింది. మా గైడు సారు గట్టిగా చెప్పి పంపారు. బయల్దేరే ముందు, ఆరు నెలలకు మళ్లీ వస్తామని వాళ్లకు స్పష్టంగా చెప్పాలి, ఒప్పుకున్నట్టు వేలిముద్ర తీసుకోవాలి. ముందుగా చెప్పకుండా రెండోసారి పోతే అది అన్యాయం, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. సారు మాటలో తప్పు లేదు. కానీ మా వైపు ఎవరింట్లోంచి లేచినా ‘పోయొస్తా’ అనే మనుషులం, చావు జరిగిన ఇంట్లో మాత్రం ఆ మాట అనం. పలకరించడానికి పోయినవాళ్లు గమ్మున లేచి వచ్చేయాలి. మళ్లీ వస్తానంటే ఇట్లాంటి పనిమీదే మళ్లీ వస్తానని అర్థం. నందికొట్కూరు పక్క పుట్టిన మనిషికి ఇది ఎవరో చెప్పాలా?

ఆమె లేచి నిలబడి, చెప్పులు వేసుకుని, మళ్లీ విడిచింది. నా వైపు చూసింది. నేను వాచీ చూసుకున్నాను, కడప బస్సు తప్పిపోతుందని. ఆమె గొంతు సవరించుకుని, “అవ్వా, మల్లా ఆరు నెలలకి వస్తాము,” అంది.

ముసలామె చేటలో చెయ్యి ఆగిపోయింది. పక్కింటి ఆడమనిషి ఒకామె, “అయ్యో, ఈడ ఆ మాట అంటారా మా?” అంది. ముసలామే సర్దుకుంది. “సదువుకున్న పిల్లోల్లు, తెలీదు పాపం,” అని వేలు ముందుకు చాపింది.

తెలీదు పాపం అన్నదే అక్కకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆరు నెలలకు మళ్లీ వెళ్లాం. తలుపు దగ్గర కోడలొక్కతే ఉంది. అవ్వ పోయి మూడు నెలలైందట. కొడుకు పోయినప్పటి నుంచి సరిగా తినలేదట, అట్లా అట్లా అయిపోయిందట. వయసు మళ్లిన మనిషి, కడుపుకోత. ఎవరి తప్పూ లేదు. ఆ అమ్మాయి మాకు మంచినీళ్లిచ్చింది, చాప వేసింది, అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పింది. మేం లేస్తుంటే మాత్రం చేయి అడ్డం పెట్టి అంది.

“అక్కా, మీదేమీ తప్పు లేదు. నేనేమీ అనుకోల్యా. కానీ ఈ తూరి పోయేటప్పుడు చెప్పాకండి.”

అక్క తల ఊపి బయటికి నడిచింది. ఆ రోజు నుంచి ఆ మాట ఆమె నోట ఎవరూ వినలేదు. ఆ ఇళ్లలోనే కాదు, ఎక్కడా. క్యాంటీన్లో, హాస్టల్లో, గైడు గదిలో, ఫోనులో, పెళ్లిళ్లలో.

నేను ఊరుకునేదాన్నా? వాదించాను. “నువ్వు చదివింది సైకాలజీ అక్కా. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన ఒకదానివల్ల ఒకటి జరిగినట్టు కాదని ఎమ్మే మొదటి సంవత్సరం పిల్లలకు నువ్వే పాఠం చెప్తావు.”

“చెప్తా,” అంది.

“మరి?”

“నాకు తెలుసు పాపా. తెలిసినా నోరు రాదు. ఆ మాట అనబోతే ఆయమ్మ చెయ్యి కండ్ల ముందరకి వస్తాది, చేటలో.” సంచి సర్దుకుంటూ, “ఎవురి మీద పానం ఎక్కువుంటే వాళ్లకి అసలు చెప్పలేను,” అంది. నేను దానిమీద ఏదో వెటకారం చేయబోయాను. తిరిగి చూస్తే ఆమె లేదు.

అక్కడితో ఆమె పీహెచ్‌డీ ఆగింది. రెండోసారి వస్తానని చెప్పనంది. చెప్పకుండా పోయి, పోయినప్పుడే ఒప్పుకుంటారా అని అడుగుతానంది. సారు పాపం ఆమె తరఫున కమిటీ ముందు కూర్చున్నారు. కమిటీలో అందరూ ఈ జిల్లాలవాళ్లే. అందులో ఒకాయన ఆ వారమే వాళ్ల పెదనాన్న ఇంటికి పలకరింపుకు పోయి, చెప్పకుండా వచ్చి, మాతో టీ తాగాడు. ఆయనే కళ్లజోడు సర్దుకుని అడిగాడు. “చావింట్లో చెప్పకూడదని అంటున్నారు బాగానే ఉంది. దీనికి రెఫరెన్స్ ఏది?”

“మీ ఇంట్లో అడగండి సార్,” అంది అక్క.

అట్లా అనకుండా ఉండాల్సింది. ఫైలు పక్కన పెట్టారు. అంశం మార్చుకోమన్నారు, పరీక్షల ఆందోళన చేసుకోమన్నారు, నెలలో అయిపోతుందన్నారు. ఆమె మార్చుకోలేదు. మాకు ఫెలోషిప్పులు వచ్చాయి, అయిపోయాయి, ఉద్యోగాలు వచ్చాయి. ఆమె గడువు పొడిగింపు కోసం అప్లికేషన్లు పెట్టుకుంటూ అదే కిటికీ పక్కన, అదే నేలమీద ఉంది.

ఇంత జరిగినా ఆ ఇళ్లకు పోవడం మానలేదు. ఆరు నెలలు కాగానే సంచి వేసుకుని బేతంచెర్ల బస్సెక్కేది. కాగితాలు లేవు, ప్రశ్నలు లేవు. పోయి కూర్చుని, చేతికి దొరికిన పని చేసి, లేచి వచ్చేది.

“ఇది డేటా కాదు కదక్కా,” అన్నాను ఒకసారి.

“కాదు.”

“మరి ఎందుకు?”

“చెప్పల్యా గానీ, వస్తానని మనసులో అనుకొని వచ్చినా కదా. పోవాల.”

వాళ్లమ్మతో నాకు ఫోను పరిచయం ఆ రోజుల్లోనే అయింది. హాస్టల్లో అక్క ఫోను మోగుతుంటే ఒకసారి నేను ఎత్తాను. ఆమె స్నానానికి పోయింది. ఆ తల్లి ముందు తిన్నారా అని అడిగింది, వానలు పడుతున్నాయా అని అడిగింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. “పాపా, దానికి నా మీద ఏమన్నా కోపమా? ఊరికి వచ్చి పోయేటప్పుడు చెప్పదు. చూస్తా చూస్తానే గేటు దాటిపోతాది. అందరి కూతుండ్లూ అమ్మా పోయొస్తా అంటారు. బస్సుకాడికి నేను పరిగెత్తాల.” కోపమేం లేదమ్మా, ఆమె అందరితోనూ అంతే అన్నాను. అసలు సంగతి అక్క చెప్పుకోవాలని, నేను చెప్పకూడదని అనుకున్నాను.

రెండేళ్ల కింద సారు రిటైరయ్యే ముందు ఒక దారి కనిపెట్టారు. మొదటి పలకరింపు ఒక అధ్యయనం, ఆరు నెలల తర్వాతది వేరే అధ్యయనం. దేనికి దానికే, వెళ్లినప్పుడే అనుమతి. రెండూ ఒకే థీసిస్‌లో రెండు భాగాలు. కమిటీ సంతకం పెట్టింది. అప్పుడు ఆమె నాకు ఫోను చేసి ఏమీ మాట్లాడకుండా కాసేపు నవ్వింది. మళ్లీ మొదటి నుంచి ఇళ్లన్నీ తిరిగింది. పాతవి కావు, కొత్త చావుల ఇళ్లు. బేతంచెర్లలో అవి దొరకడం కష్టం కాదు. పోయిన వేసవికి అంతా అయిపోయింది, రాయడం మిగిలింది. ఒక్కో అధ్యాయం నాకు పంపేది. ఇన్నేళ్లుగా స్కాలర్లు రాసినవాటిలో నేను మనసుపెట్టి చదివినవి అవే, నా థీసిస్‌తో సహా.

కడుపులో నొప్పి అని నెలల తరబడి మాత్రలు మింగుతూ ఉందట. రాత అయిపోనీ, తర్వాత చూపించుకుంటా అని అందట. చూపించుకునేసరికి చేయి దాటిపోయింది. నేనున్న కర్నూల్లోనే ఆస్పత్రిలో చేరినా నాకు కబురు పెట్టలేదు. నాకు చివరిసారి ఫోను చేసినప్పుడు కూడా ఆఖరి అధ్యాయంలో ఒక పట్టిక ఎట్లా పెట్టాలని అడిగింది. చెప్పాను. అర్థమైందా అని అడిగేలోపు లైను తెగింది. ఆమె కదా, నేను మళ్లీ చేయలేదు.

పదకొండో రోజు దాటాక నందికొట్కూరు బస్సెక్కి వాళ్ల ఊరికి వెళ్లాను. ఇంటి ముందు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లమ్మ లోపలి నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఫోనులో గొంతే తప్ప మనిషిని చూడటం అదే మొదలు. అక్క పోలికే, అదే నుదురు. నేను అనుకోకుండానే గడప బయట చెప్పుల పక్కన కూర్చుండిపోయాను. ఆమె కూడా నా పక్కనే కింద కూర్చుంది.

“దాని సదువు ఐపోయినట్టేనా పాపా?” అని అడిగింది.

“ఒక్క అధ్యాయం మిగిలిపోయిందమ్మా.”

“ఒగటే కదా. వాళ్లు ఇయ్యరా?”

“మనిషి లేకుండా ఇవ్వరమ్మా.”

“ఐతే డాక్టరు కాల్యా,” అంది. నాకు దుఃఖం ఆగలేదు. ఆమే నా వీపు నిమిరింది, పలకరించడానికి వచ్చింది ఎవరో తెలియకుండా పోయింది.

కాసేపటికి అడిగింది. “దానికి ఏంటికి అట్ల అలవాటైనాదో నీకేమన్నా తెలుసునా? చెప్పకుండా పోయేది.”

ఇంక దాచి ఎవరికి లాభం? బేతంచెర్ల ఇల్లు, చేటలో ఆగిన చెయ్యి, కోడలు చెప్పిన మాట, అంతా చెప్పాను. ఎవరి మీద ప్రాణం ఎక్కువుంటే వాళ్లకి చెప్పలేనన్నదీ చెప్పాను. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విన్నది.

“అందుకా,” అంది. “నేను కోపమనుకుంటి. కర్నూలు ఆస్పత్రికి పోయేనాడు దాని తమ్ముడు ఆటో తెచ్చినాడు. ఎక్కి కూసున్నాది. నేను ఆటో కమ్మీ పట్టుకోని నిలబడితి, ఈ పొద్దన్నా చెప్తాదేమోనని. నన్నే చూస్తా ఉండాది. నోరు తెరవల్యా. ఆటో పాయె.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “చెప్పింటే, వస్తాదని వాకిట్లో కూసోనుందును పాపా. రాకపోయినా కూసోనుందును.”

ఆఖరి బస్సు పోతుందని ఎవరో గుర్తుచేశారు. లేచాను. చెప్పకూడదని తెలుసు కాబట్టి ఆమె చెయ్యి ఒకసారి నొక్కి, చెప్పులు వేసుకుని, తల వంచుకుని నడిచాను. అక్క ఎప్పుడూ నడిచే తీరు అదేనని నాలుగడుగులు వేశాక తెలిసింది.

“పాపా.”

ఆగాను. ఆమె గేటు దాకా వచ్చింది.

“చెప్పి పో.”

వెనకున్న ఆడమనిషి ఉలిక్కిపడి లేచింది. “యక్కా, చెప్పగూడదు. ఇంట్లో ఇంగా నెల కూడా కాల్యా.”

“చెప్పనీలే మే,” అంది ఆమె, నా మీంచి చూపు తిప్పకుండా. “ఇన్నేండ్లు దాని నోట ఆ మాట ఇనల్యా. నువ్వన్నా చెప్పి పో పాపా.”

ఆమె గేటు కమ్మీ పట్టుకుని, నా పెదాల వైపే చూస్తూ నిలబడి ఉంది.

“పోయొస్తానమ్మా,” అన్నాను.

“ఆఁ, రా,” అంది. అని, వాకిట్లో కూర్చుంది.